పిలువని పనివారు



గత మాసములో ఒక సాయంకాలము మా సంఘములోని ఒక కుటుంబమును చూడబోయాను. తండ్రి రెండెకరములు కౌలుకు చేస్తారు. తల్లి ఇంటి వద్దనే కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. పెద్ద కుమార్తె డిగ్రీ ముగించి బ్యాంకు పరీక్షలకు చదువుకొనుచున్నది. ఆ పరీక్షలు కంప్యూటరు మీదనే వ్రాయవలెను గనుక, మాదిరి పరీక్షలు కూడ కంప్యూటరు మీదనే అభ్యాసము చేయవలెను. అందు నిమిత్తము మూడేండ్ల క్రితము ఎవరో వాడి విడిచిన ల్యాప్‌టాప్ నొకటి తండ్రి కొని తెచ్చారు.

నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నది గాని చదువుట లేదు. తెర మీద చిన్న వలయము గిర్రున తిరుగుచున్నది.

"ఏమమ్మా, కరెంటు పోయి వచ్చిందా?" అని అడిగాను.

"లేదు అయ్యగారూ. ఆన్ చేసి పది నిమిషాలైంది. ఇంకా లేవలేదు" అన్నది.

తల్లి మంచినీళ్లు తెచ్చి ఇస్తూ, "టౌనులో షాపులో చూపించామండీ. పాతబడిపోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. 38 వేలు అవుతుందంట. నా గాజులు బ్యాంకులో పెడదామనుకుంటున్నాం. సోమవారం వెళ్తాం" అన్నది.

తండ్రి ఏమియు మాట్లాడలేదు. తల వంచుకొని కూర్చున్నారు. పంట చేతికి రావలెనంటే ఇంకను మూడు నెలలున్నది. ఆ గాజులు ఒకసారి బ్యాంకుకు వెళ్తే ఎప్పుడు తిరిగి వచ్చునో ఆయనకు తెలుసు.

"సోమవారము దాకా ఆగండి. ఈ రాత్రి ఒక గంట నాకివ్వండి. ఆ తరువాత మీ ఇష్టము" అన్నాను. నేను కంప్యూటరు చదువు చదివినవాడను కాను. సంఘ కరపత్రములు నేనే టైపు చేసుకొనవలసి వచ్చినందున, చెడగొట్టుకుంటూ బాగుచేసుకుంటూ కొద్దిగా నేర్చుకున్నాను. ఆ గంటలో మేము చేసిన పని మీలో ఎవరైనను చేసుకొనగలిగినదే. దానికి పైసా ఖర్చు లేదు. కనుక ఈ మాసము దానిని గూర్చియే వ్రాస్తున్నాను.

ఆన్ చేసిన తరువాత ఏమి జరుగును?

మనము కంప్యూటరు బటను నొక్కినప్పుడు మొదట యంత్రము తన అవయవములను తాను సరిచూసుకుంటుంది. తరువాత విండోస్ లేచును. మన పేరు, పాస్‌వర్డు అడుగును. అంతటితో పని అయిపోయినదని మనము అనుకుంటాము. కాదు. మనము లోపలికి అడుగు పెట్టగానే విండోస్ ఒక జాబితా తీయును. "ఈ ఇంటివారు లేవగానే నన్ను కూడ లేపండి" అని పేరు వ్రాయించుకున్న ప్రోగ్రాములన్నియు ఆ జాబితాలో ఉండును. విండోస్ వాటినన్నిటిని లేపును. వీటినే స్టార్టప్ ప్రోగ్రాములు అంటారు.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. పాత డాస్ కాలములోనే, యంత్రము లేవగానే వరుసగా చేయవలసిన పనులను ఆటోఎగ్జెక్ అను ఒక చిన్న ఫైలులో వ్రాసి ఉంచేవారు. 1995లో విండోస్ 95 వచ్చినప్పుడు స్టార్ట్ మెనూలో స్టార్టప్ అను ఒక ఫోల్డరు ఉండేది. అందులో వేసినదేదైనను తనంతట తానే లేచేది. ఆ ఏర్పాటు వినియోగదారుని మేలు కొరకే. వైరస్‌ను పట్టుకొను ప్రోగ్రామును ప్రతిదినము మనము గుర్తుపెట్టుకొని తెరవనవసరము లేకుండ, తానే లేచి కావలి కాయవలెనని.

అయితే రానురాను ప్రతి ప్రోగ్రామును తన పేరు ఆ జాబితాలో వ్రాసుకొనుట మొదలుపెట్టినది. ప్రింటరు కొంటే దాని వెంట వచ్చిన ప్రోగ్రాము, పాటల ప్రోగ్రాము, ఆటల ప్రోగ్రాము, వీడియో సమావేశముల ప్రోగ్రాము, "కొత్త వెర్షను వచ్చిందా" అని చూచుటకు మాత్రమే ఉన్న ప్రోగ్రాము, అన్నియు చేరినవి. ఎందుకట్లు చేస్తారు? రెండు కారణములు. ముందే లేచి ఉంటే మనము క్లిక్ చేసిన వెంటనే తెరచుకొనును, అప్పుడు తమ ప్రోగ్రాము వేగముగా ఉన్నదని మనము మెచ్చుకుంటాము. ఎప్పుడును కంటి ఎదుట ఉంటే మనము దానినే వాడుతాము. ప్రతివాడును తన సంగతి మాత్రమే చూసుకొన్నాడు. అందరు కలిసి వచ్చి పడితే ఆ యంత్రము గతి ఏమగునో ఎవరును చూడలేదు.

ఒక్క కొళాయి, ఇరువది బిందెలు

తెల్లవారుజామున వీధి కొళాయికి నీళ్లు వదిలినప్పుడు ఇద్దరు ముగ్గురే వస్తే అందరికి త్వరగా నిండును. ఇరువది మంది ఒకేసారి బిందెలతో వస్తే నీళ్లు తగ్గలేదు, కొళాయి చెడలేదు. అయినను నిజముగా అవసరమైన ఇంటివారు చివర నిలబడవలసి వచ్చును. కంప్యూటరులో జరిగేది కూడ ఇదే.

పాత ల్యాప్‌టాపులలో సమాచారము హార్డు డిస్కులో ఉండును. అందులో పళ్లెము వంటి బిళ్ల తిరుగుచుండును. సాధారణ ల్యాప్‌టాపులలో అది నిమిషమునకు 5400 సార్లు తిరుగును. సన్నని చేయి ఒకటి దాని మీద అటూ ఇటూ జరుగుతూ సమాచారమును చదువును. ఒక ప్రోగ్రాముకు కావలసినది ఒకచోట ఉండును, మరియొకదానికి కావలసినది వేరొకచోట ఉండును. పదిహేను ప్రోగ్రాములు ఒకేసారి అడిగితే ఆ చేయి ఇటు పరుగెత్తుట, అటు పరుగెత్తుటతోనే సరిపోవును. తెర మీద తిరుగుచున్న ఆ వలయమునకు చాలాసార్లు అర్థము ఇదే.

రెండవ భారము ర్యామ్ మీద పడును. ర్యామ్ అంటే పని చేసుకొను బల్ల అనుకోండి. 4 జి.బి. ర్యామ్ ఉన్న కంప్యూటరులో విండోస్ తానే ఆ బల్లలో సగము వరకు పరచుకొనును. మిగిలిన చోటును పిలువని ప్రోగ్రాములు ఆక్రమిస్తే, మనము తెరిచిన పనికి చోటు చాలదు. అప్పుడు విండోస్ కొంత సామాను తీసి హార్డు డిస్కు మీద పెట్టి, కావలసినప్పుడు మరల తెచ్చుకొనును. అందుచేత ఆన్ అయిన తరువాత కూడ దినమంతయు నెమ్మది తగ్గదు.

మూడవది మన పల్లె కుటుంబములకు బాగుగా తెలిసిన భారము. మనలో అనేకులు ఫోను హాట్‌స్పాట్ పెట్టి కంప్యూటరుకు నెట్ ఇస్తారు. లోపల లేచి కూర్చున్న ప్రోగ్రాములలో కొన్ని మనకు చెప్పకుండ కొత్త వెర్షనులు దింపుకొనును, ఫోటోలు పైకి పంపును. "నేనేమీ చూడలేదు, మధ్యాహ్నానికే డేటా అయిపోయింది" అని పిల్లలు చెప్పినప్పుడు వారిని గద్దించుటకు ముందు ఈ జాబితా కూడ చూడండి.

జాబితాను చూచు విధము

విండోస్ 10 గాని 11 గాని ఉన్న కంప్యూటరులో కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ అను కిటికీ తెరచుకొనును. అది చిన్నదిగా కనబడితే క్రింద మోర్ డీటెయిల్స్ అను మాట మీద క్లిక్ చేయండి. విండోస్ 10లో పైన వరుసలో స్టార్టప్ అని ఉండును. విండోస్ 11లో ఎడమ ప్రక్కన స్టార్టప్ యాప్స్ అని ఉండును. దానిని నొక్కితే జాబితా కనబడును.

ప్రతి పేరునకు ఎదురుగా అది ఎవరు తయారుచేసినది, ఇప్పుడు ఎనేబుల్‌లో ఉన్నదా డిసేబుల్‌లో ఉన్నదా, స్టార్టప్ ఇంపాక్ట్ ఎంత అని వ్రాసి ఉండును. ఈ ఇంపాక్ట్ అను గడి చాలా ఉపయోగకరమైనది. లేచేటప్పుడు ఒక ప్రోగ్రాము ప్రాసెసరు సమయమును ఒక సెకనుకు మించి తీసుకున్నను, డిస్కు మీద 3 ఎం.బి.కి మించి పని పెట్టినను దానికి హై అని వ్రాయును. అంతకు తక్కువైతే మీడియం, ఇంకను తక్కువైతే లో. కనుక హై అని ఉన్నవాటిని ముందుగా పరిశీలించవలెను.

నిలుపదలచిన దాని మీద మౌసు కుడి బటను నొక్కి డిసేబుల్ అనుదానిని ఎన్నుకోండి. అంతే. అది ఆ ప్రోగ్రామును తీసివేయుట కాదని గుర్తించండి. ప్రోగ్రాము ఎక్కడికీ పోదు. మీకు కావలసినప్పుడు మీరే తెరచుకోవచ్చును. ఏదైనా ఇబ్బంది కలిగితే మరల అదేచోట ఎనేబుల్ అంటే యథాస్థితికి వచ్చును. అందుచేత ఈ పనిలో భయపడవలసినది తక్కువ.

సెట్టింగ్స్‌లో యాప్స్, దానిలో స్టార్టప్ అనుచోట కూడ ఇదే జాబితా స్విచ్చులతో కనబడును. పెద్దవారికి అది సులువుగా ఉండును.

విండోస్ 7 ఉన్న ఇండ్లు ఇంకను ఉన్నవి. అక్కడ విండోస్ గుర్తు ఉన్న కీని, ఆర్ అక్షరమును కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఎం, ఎస్, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి అను ఎనిమిది అక్షరములు వ్రాసి ఎంటర్ కొట్టండి. స్టార్టప్ అను భాగములో టిక్కు తీసివేసి ఓకే అనండి. ప్రక్కనున్న సర్వీసెస్ అను భాగమును మాత్రము ముట్టకండి. అక్కడ యంత్రమునకు ప్రాణాధారమైనవి ఉన్నవి.

ఏవి ఆపవలెను, ఏవి ఉంచవలెను?

ఇక్కడ తొందరపాటు కూడదు. అన్నిటిని ఒక్క దెబ్బతో ఆపివేసి, రేపు టచ్‌ప్యాడ్ తీరు మారినదని బాధపడేవారిని చూశాను. ఒక నోటుపుస్తకములో తేదీ వేసి, ఆపిన ప్రతి దాని పేరు వ్రాసుకోండి. ఒకేసారి మూడు నాలుగింటికి మించి ఆపకుండ, రీస్టార్ట్ చేసి చూచి, తరువాత మరికొన్ని ఆపండి.

సాధారణముగా ఆపదగినవి ఇవి. పాటల యాప్‌లు, ఆటలు దింపుకొను ప్రోగ్రాములు, ఎప్పుడో ఒక సమావేశము కొరకు వేసుకున్న వీడియో కాల్ ప్రోగ్రాములు, సినిమాలు దింపుకొను టొరెంట్ ప్రోగ్రాములు. ప్రింటరుతో వచ్చిన సహాయక ప్రోగ్రాములను కూడ సాధారణముగా ఆపవచ్చును. ప్రింటరును నడిపించు డ్రైవరు వేరుగా ఉండును గనుక ఎక్కువ ప్రింటర్లలో ముద్రణ ఆగదు. ఆగితే మరల ఎనేబుల్ చేయండి.

ఉంచదగినవి ఇవి. వైరస్ నుండి కాపాడు ప్రోగ్రాము, శబ్దమునకు సంబంధించినవి, టచ్‌ప్యాడ్‌కు సంబంధించినవి, తెర బొమ్మకు సంబంధించినవి. జాబితాలో విండోస్ సెక్యూరిటీ నోటిఫికేషన్ ఐకాన్ అని ఒకటి ఉండును. అది గడియారము ప్రక్కన కనబడు చిన్న కవచము గుర్తు మాత్రమే. దానిని ఆపినను లోపలి కాపుదల ఆగదు గాని, హెచ్చరిక గుర్తు కంటబడదు. కనుక ఉండనివ్వండి.

కొన్నిటిని మీ అవసరమును బట్టి తీర్మానించవలెను. వన్‌డ్రైవ్ వంటివి మీ ఫోటోలను, కాగితములను ఇంటర్నెట్‌లో భద్రపరచుచున్నట్లయితే, వాటిని ఆపితే మీరు తెరిచేవరకు ఆ భద్రపరచుట జరగదు. పిల్లల సర్టిఫికెట్లు అక్కడ దాచుకున్నవారు ఆపకూడదు. ఎన్నడును వాడనివారు నిశ్చింతగా ఆపవచ్చును. అట్లే కరపత్రములు, శుభలేఖలు టైపు చేయువారి ఇండ్లలో అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి తెలుగు కీబోర్డు ప్రోగ్రాము ఉండును. దానిని స్టార్టప్‌లో పెట్టుకుని ఉండి ఇప్పుడు ఆపితే, టైపు చేయబోయే ముందు మీరే తెరవవలెను. తెరవకుండ టైపు చేస్తే తెలుగు అక్షరములు సరిగా రావు. ఆదివారపు ఆరాధన క్రమము శనివారము రాత్రి టైపు చేయబోయి నేనే ఒకసారి ఇట్లు కంగారు పడ్డాను.

పేరు చూచి ఏమిటో తెలియనిది కనబడితే ఊహించి ఆపకండి. దాని మీద కుడి బటను నొక్కితే సెర్చ్ ఆన్‌లైన్ అని ఉండును. దానితో ఆ పేరును వెదకి తెలుసుకొనవచ్చును. తయారుచేసినవారి గడి ఖాళీగా ఉండి, మీరెన్నడును వేసుకొననిదైతే, తెలిసినవారికి చూపించండి.

ఈ జాబితాలో దొరకని రెండు సంగతులు కూడ చెప్పవలెను. మొదటిది క్రోమ్, ఎడ్జ్ వంటి బ్రౌజర్లు. మనము మూసివేసినను వాటిలో కొంత భాగము లోపల నడుచుచుండవచ్చును. వాటి సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనుచోట, మూసివేసిన తరువాత కూడ లోపల నడవనిచ్చు స్విచ్ ఒకటి ఉన్నది. ఎడ్జ్‌లో స్టార్టప్ బూస్ట్ అని మరియొకటి ఉన్నది. రెండింటిని ఆపవచ్చును. రెండవది, విండోస్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్, దానిలో సైన్ ఇన్ ఆప్షన్స్ అనుచోట, నిన్న తెరచి ఉంచిన యాప్‌లను నేడు మరల తెరచు స్విచ్ ఉండును. దానిని కూడ ఆపండి.

ఆ ఇంట్లో జరిగినది

ఆ రాత్రి అమ్మాయి చేతికే మౌసు ఇచ్చి నేను ప్రక్కన కూర్చున్నాను. నేను చేసి వెళ్లిపోతే వచ్చే సంవత్సరము మరల నేనే రావలసి వచ్చును గదా! జాబితా తెరిచాము. పదిహేడు పేర్లున్నవి. "ఇవన్నీ ఎవరు పెట్టారు అయ్యగారూ?" అని ఆశ్చర్యపడినది. ముందు యజమాని వాడిన ఆటల ప్రోగ్రాములు రెండు, ఆ ఇంట్లో లేనే లేని ప్రింటరుకు సంబంధించినవి మూడు, పాటలది ఒకటి, సమావేశములవి రెండు, కంప్యూటరును వేగము చేస్తానని చెప్పుకొను ప్రోగ్రాము ఒకటి! ఆ చివరిదాని ఎదుట హై అని ఉన్నది. వేగము చేయవలసినదే భారమై కూర్చున్నది.

ఒక్కొక్కదానిని చదివి, ఇది ఏమిటి, మనకు కావలెనా అని అడుగుకొని, పుస్తకములో వ్రాసుకుంటూ పదకొండింటిని ఆపాము. ప్రింటరువి, ఆటలవి ఆ ఇంటికి అసలే అక్కరలేనివి గనుక తరువాత పూర్తిగా తీసివేశాము. ఆపుటకు ముందు గోడ గడియారము చూచి లెక్క కట్టాము. బటను నొక్కినది మొదలు మాదిరి పరీక్ష పుట తెరచుకొనుటకు పదకొండు నిమిషములు పట్టినది. పని అయిన తరువాత రీస్టార్ట్ చేసి చూచాము. మూడు నిమిషములకు కొద్దిగా పైన. అది కొత్త కంప్యూటరు వేగము కాదు. అయినను చదువుకొనుటకు సరిపోవును.

ఇక్కడ ఒక సంగతి. ఇట్లు పరీక్షించినప్పుడు షట్‌డౌన్ కాక రీస్టార్ట్ చేయండి. విండోస్ 8 మొదలుకొని షట్‌డౌన్ అన్నప్పుడు విండోస్ తన లోపలి భాగమును కొంత డిస్కు మీద దాచుకొని, మరుసటి సారి అక్కడ నుండే లేచును. దీనిని ఫాస్ట్ స్టార్టప్ అంటారు. రీస్టార్ట్ అంటేనే మొదటినుండి కొత్తగా లేచును. కనుక ముందును వెనుకను రీస్టార్ట్‌తోనే కొలవండి. వారానికొకసారి రీస్టార్ట్ చేయుట మామూలుగా కూడ మంచిది.

తరువాత ఫోను హాట్‌స్పాట్‌కు మీటర్డ్ కనెక్షన్ అను స్విచ్ వేశాము. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అనుచోట, కలిపి ఉన్న వైఫై వివరములలో అది ఉండును. ఈ డేటా కొలత గలది, జాగ్రత్తగా వాడుము అని విండోస్‌కు చెప్పుట అన్నమాట. పెద్ద పెద్ద డౌన్‌లోడ్లు చాలావరకు అది ఆపుకొనును. అయితే భద్రతా అప్‌డేట్లు కావలెను గనుక, డేటా మిగిలిన దినమున ఆ స్విచ్ తీసి అప్‌డేట్ చేసుకొమ్మని అమ్మాయికి చెప్పాను.

తల్లి వంటగదిలో నుండి వచ్చి తెర చూచి, "అయితే సోమవారం వెళ్లక్కర్లేదా?" అని అడిగినది. తండ్రి ఆమె చేతి గాజుల వైపు చూచి, చాలా సేపటికి నవ్వారు.

దీనితో తీరనివి

సత్యము పూర్తిగా చెప్పవలెను. ఈ పనితో అన్ని కంప్యూటర్లు బాగుపడవు. అన్ని ఆపిన తరువాత కూడ యంత్రము కదలకపోతే కారణము వేరే ఉండును. హార్డు డిస్కు చెడిపోవుచుండవచ్చును. లోపల నుండి టిక్కు టిక్కుమని శబ్దము వచ్చినను, ఫైళ్లు తెరచుకొనకపోయినను, మొదట ముఖ్యమైన కాగితములను, ఫోటోలను వేరొక చోటికి కాపీ చేసుకొని తరువాతనే మిగిలిన మాట.

హార్డు డిస్కు స్థానములో ఎస్.ఎస్.డి. వేయించుట పాత కంప్యూటరుకు చేయగల గొప్ప మేలు. అందులో తిరుగు బిళ్ల, జరుగు చేయి ఉండవు గనుక ఎన్ని ప్రోగ్రాములు అడిగినను వెదకులాట తక్కువ. కొత్త కంప్యూటరు ధరలో అది చిన్న భాగము మాత్రమే. ర్యామ్ 4 జి.బి. ఉంటే, చోటు ఉన్నట్లయితే 8 చేయించుకోవచ్చును. షాపువారు కొత్తది కొనుడన్నప్పుడు, "ఎస్.ఎస్.డి. వేస్తే సరిపోవునా?" అని ఒక్క ప్రశ్న అడుగుటకు సిగ్గుపడకండి.

మరియొక సంగతి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సాధారణ సహాయము 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ముగిసినది. స్టార్టప్ జాబితా ఎంత శుభ్రము చేసినను ఆ లోటు తీరదు. అటువంటి యంత్రములో బ్యాంకు లావాదేవీలు చేయువారు, తమ యంత్రము విండోస్ 11కు పనికివచ్చునేమో తెలిసినవారితో చూపించుకొనవలెను.

మోసపోవద్దు

కంప్యూటరు నెమ్మదిగా ఉన్నదని మనము విసిగియున్నప్పుడే మోసగాండ్రు వస్తారు. నెట్‌లో ఏదో చూచుచుండగా ఎర్రని తెర ఒకటి వచ్చి, మీ కంప్యూటరులో వైరస్‌లు ఉన్నవి, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి అని భయపెట్టును. కొన్నిసార్లు పెద్ద శబ్దముతో కూడ అరచును. అది అబద్ధము. నిజమైన హెచ్చరికలలో ఫోను నంబరు ఉండదు. బ్రౌజరును మూసివేయండి. మూయలేకపోతే కంప్యూటరును ఆపివేసి మరల ఆన్ చేయండి.

ఫోను చేస్తే వారు మర్యాదగా మాట్లాడుతారు. దూరము నుండి మీ కంప్యూటరును నడుపు ప్రోగ్రామును మీ చేతనే వేయిస్తారు. ఆ తరువాత మీ బ్యాంకు వివరములు వారి చేతిలోనికి పోవును. తెలియని వారికి అటువంటి ప్రవేశము ఎన్నడును ఇవ్వకండి. ఓ.టి.పి. ఎవరికిని చెప్పకండి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుతో దాచుకొనక, వెంటనే 1930 అను సైబరు నేరముల సహాయ నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బును మధ్యలో ఆపుటకు అంత అవకాశము ఉండును.

వేగము పెంచుతామని చెప్పు ఉచిత ప్రోగ్రాముల జోలికి కూడ పోవద్దు. అవి చేయు పనిలో మేలైనది ఏదైనా ఉంటే అది విండోస్‌లోనే ఉచితముగా ఉన్నది. పైగా అవి చేరగానే మొదట చేయు పని, తమ పేరు కూడ ఆ జాబితాలో వ్రాసుకొనుట.

తల్లిదండ్రులకు ఒక మాట

ఈ పని ఒకసారి చేసి విడిచిపెట్టునది కాదు. కొత్త ప్రోగ్రాము వేసిన ప్రతిసారి జాబితాలో కొత్త పేరు చేరవచ్చును. వేయుచున్నప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోక, కంప్యూటరుతో పాటు లేవనిమ్మని అడుగు చిన్న గడిలో టిక్కు ఉంటే తీసివేయుమని పిల్లలకు నేర్పండి. నెలకొకసారి, మొదటి శనివారమని పెట్టుకొని, పిల్లలతో కలిసి ఆ జాబితాను చదవండి. "ఇది ఏమిటి? మనకు దీనితో పని ఉన్నదా?" అని మీరు అడగండి. వారు చెప్పవలెను. మీకు కంప్యూటరు రాకపోయినను ఈ రెండు ప్రశ్నలు అడుగవచ్చును.

మొన్న ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆ అమ్మాయి నా యొద్దకు వచ్చి, నోటుపుస్తకము చూపించినది. మాదిరి పరీక్షలు తొమ్మిది పూర్తి చేసినది. వాటి మార్కులు ఒక ప్రక్కన, కంప్యూటరు లేచుటకు పట్టిన నిమిషములు రెండవ ప్రక్కన వ్రాసుకున్నది. మార్కులు పెరుగుచున్నవి, నిమిషములు పెరగలేదు. ప్రక్క ఇంటివారి కంప్యూటరు కూడ తానే చూచినదట. "అందులో ఇరవై మూడున్నాయి అయ్యగారూ!" అని చెప్పి నవ్వుతూ వెళ్లినది.

మీ ఇంట కంప్యూటరు నెమ్మదించి, కొత్తది కొనవలెనన్న ఆలోచన ఉన్నట్లయితే, డబ్బు కొరకు బయలుదేరుటకు ముందు ఒక సాయంకాలము ఆ మూడు కీలు నొక్కి చూడండి. ఎన్ని పేర్లున్నవో లెక్కించండి. వచ్చే మాసము మరల కలుసుకుందాము.